‘నలుగురు’ అంటే ఎవరో ఒకసారి లెక్కపెట్టండి

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఒక పల్లెటూరు. మావారికి ఎరువుల కొట్టు ఉంది. అమ్మాయికి పెళ్లయింది. అబ్బాయికి 29 ఏళ్లు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్లుగా సంబంధాలు చూస్తున్నాం. ప్రతిదానికీ ఏదో వంక పెడుతున్నాడు. మొన్న భోగి రోజు రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లోకి వచ్చి, “అమ్మా, నేను గే. నాకు ఆడపిల్లల మీద ఆ ఆలోచన రాదు. ఎవర్నీ కట్టుకుని మోసం చెయ్యలేను” అన్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పండక్కి వాడి రూమ్‌మేట్ కూడా వచ్చాడు. నువ్వులు ఎక్కువున్న అరిసెలు ఏరుకుని మరీ తిన్నాడు. నా చేత్తో పెట్టాను. ఇప్పుడు అంతా అర్థమవుతోంది. మావారికి తెలియదు. వచ్చే నెల నరసరావుపేట సంబంధం వాళ్లు ఇల్లు చూడ్డానికి వస్తామంటున్నారు. పెళ్లయితే మారతాడా? ఇది జబ్బా? రైల్లో చప్పట్లు కొట్టేవాళ్లలో కలిసిపోతాడేమోనని భయంగా ఉంది. పోలీసు కేసులేమైనా అవుతాయా? ఆ రూమ్‌మేట్‌ని మళ్లీ గడప తొక్కనివ్వాలా? అన్నిటికన్నా, రేపు తెలిస్తే నలుగురిలో ఎలా తలెత్తుకు తిరగాలి?
– ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటిలో ఒక్కటి మాత్రం ఆగేది కాదు, అందుకని ముందు అది చెబుతాను. నరసరావుపేట వాళ్లను రావద్దనండి. వాయిదా వెయ్యడం కాదు, ఆ సంబంధం వదిలేయండి. మీ అబ్బాయి బయోడేటా ఎవరెవరి ఫోన్లలో తిరుగుతోందో వాళ్లందరికీ “ప్రస్తుతానికి చూడ్డం లేదండి” అని ఈ వారంలోనే చెప్పేయండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకప్పుడు నేను దీనికి సరిగ్గా ఎదురు సలహా ఇచ్చాను. పాతికేళ్ల కిందటి మాట. మా పెద్దమ్మ కొడుకు, నాకంటే చిన్నవాడు, పెళ్లి వద్దంటే వద్దని కూర్చున్నాడు. ఎందుకో మేమెవరం అడగలేదు. అడిగినా చెప్పగలిగే రోజులు కావు. “అమ్మ అన్నం మానేసిందిరా, ఒప్పుకో” అని నచ్చజెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒప్పుకున్నాడు. పెళ్లి బాగానే జరిగింది. ఆరేళ్లకు వాడి భార్య ఒకరోజు ఒంటరిగా మా ఇంటికి వచ్చింది. వంటింట్లో పీట మీద కూర్చుని, నా ముందున్న చిక్కుడుకాయలు తనవైపు లాక్కుని ఈనెలు తియ్యడం మొదలుపెట్టింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తలెత్తకుండానే, “వదినా, నిజం చెప్పు. నేను బాగుండనా?” అని అడిగింది.

వాడు ఆమెను ఒక్క మాట అన్నవాడు కాదు. జీతం తెచ్చి చేతిలో పెట్టేవాడు, జ్వరం వస్తే రాత్రంతా కూర్చునేవాడు. కానీ పడక వేరే గదిలో. లోపం తనలోనే ఉందని ఆ పిల్ల ఆరేళ్లూ అనుకుంది. సన్నబడింది, లావయింది, డాక్టర్లకు చూపించుకుంది. పిల్లలు లేరని అత్తగారు రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేయించింది. ఆ మధ్యాహ్నం ఆమె వెళ్లాక చూస్తే, ఈనెలూ కాయలూ అన్నీ ఒకే గిన్నెలో వేసి ఉన్నాయి. అవి విడదీస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఆ తర్వాత వాళ్లు విడిపోయారు. ఎవరి బతుకు వాళ్లు బతుకుతున్నారు. ఆ పిల్ల వయసులో పోయిన ఆరేళ్లు మాత్రం ఎవరూ తెచ్చి ఇవ్వలేదు. అందులో నా మాట కూడా ఉందన్న సంగతి నేను మర్చిపోలేను.

మీ అబ్బాయి “ఎవర్నీ కట్టుకుని మోసం చెయ్యలేను” అన్నాడని మీరే రాశారు. ఆ మాట విని మీకు గుండె ఆగినంత పనై ఉంటుంది, కాదనను. కానీ అది బాధ్యత తెలిసిన మాట. ఇంకో ఇంటి ఆడపిల్ల గురించి ఆలోచించి చెప్పిన మాట. వాణ్ని మీరు సరిగ్గానే పెంచారు.

పెళ్లయితే మారతాడా అంటే, మారడు. ఇది జబ్బు కాదు కాబట్టి తగ్గడమూ ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మన దేశంలో మానసిక వైద్యుల సంఘం కూడా 2018లో ఇది రోగం కాదని బహిరంగంగా చెప్పింది. మీ పెంపకం వల్లో, హాస్టల్లో ఉంచడం వల్లో, బెంగళూరు గాలి తగిలో వచ్చింది కాదు. ఎడమచేతి వాటంలాగా కొందరు అలా ఉంటారు. మీ ఊళ్లోనూ ఉండి ఉంటారు. ఎవరితోనూ చెప్పుకోలేక పెళ్లి చేసుకునో, చేసుకోకుండానో గడిపేసి ఉంటారు.

అయినా ఎవరో ఒకరు మీకు ఒక డాక్టరు పేరో, స్వామి పేరో చెబుతారు. మందులతో, హిప్నాటిజంతో, పూజలతో మార్చేస్తామంటారు. వాళ్ల దగ్గరికి వెళ్లకండి. అలాంటి ‘చికిత్స’ చెయ్యడం వృత్తిపరంగా తప్పు అని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు రాసింది. దానికి ముందు మద్రాసు హైకోర్టులో ఒక కేసు జరిగింది. మదురై నుంచి ఇద్దరమ్మాయిలు ఇల్లు వదిలి చెన్నై వచ్చి, తమను విడదియ్యొద్దని కోర్టును ఆశ్రయించారు. విన్నది జస్టిస్ ఆనంద్ వెంకటేశ్. ఆయన చేసిన పని నాకు చాలా నచ్చింది. ఈ విషయం తనకే సరిగ్గా తెలియదని, అది తెలుసుకోకుండా తీర్పు రాయలేనని ఒప్పుకున్నాడు. ఒక సైకాలజిస్టు దగ్గర తనే కూర్చుని నేర్చుకున్నాడు. ఆ తర్వాతే 2021 జూన్‌లో ఉత్తర్వులిచ్చాడు. అందులో ఈ మార్చే చికిత్సలను నిషేధించాడు. అంతటి హైకోర్టు జడ్జికే నేర్చుకోవడానికి టైమ్ పట్టింది. భోగి నుంచి ఇప్పటికి మీకు ఎన్ని రోజులైంది? మీ మీద మీరు అంత కఠినంగా ఉండకండి.

ఇక రైల్లో చప్పట్ల సంగతి. ఈ భయం మీ ఒక్కరిదే కాదు, చాలామంది తల్లులు ఇదే రాస్తారు. అవి రెండూ వేరు. మీ వాడు మగవాడే, తనను తాను మగవాడిగానే అనుకుంటున్నాడు. వాడి మనసు మగవాడి మీదకు వెళుతుంది, అంతే. హిజ్రాల సంగతి అది కాదు. పుట్టినప్పుడు అందరూ మగపిల్లాడన్నా, తాను ఆడమనిషినని లోపల తెలిసినవాళ్లు వాళ్లు. వాళ్లకూ ఈ దేశంలో హక్కులున్నాయి. 2014లోనే సుప్రీంకోర్టు వాళ్ల గుర్తింపును ఒప్పుకుంది. నిజాం కాలంలో, 1919లో, వాళ్ల పేర్లు రిజిస్టర్లో ఎక్కించి నిఘా పెట్టిన చట్టం ఒకటి హైదరాబాదులో ఉండేది. దాన్ని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. హైదరాబాదు ట్రాఫిక్ డ్యూటీలో ఇప్పుడు వాళ్లు కనిపిస్తున్నారు. రైల్లో చప్పట్లు కొట్టేవాళ్లను చూసి భయపడ్డానని మీరు రాశారు కాబట్టి ఒక మాట చెప్పాలి. వాళ్లలో చాలామంది ఏదో ఒక ఇంట్లోంచి గెంటేస్తే అక్కడ తేలినవాళ్లు. మీ భయం వాళ్లను చూసి కాదేమో, బిడ్డ ఇల్లు లేనివాడైపోతాడని అయ్యుండొచ్చు. ఆ ఇల్లు మీ చేతిలోనే ఉంది.

కేసుల గురించి భయం అక్కర్లేదు. 1860లో తెల్లవాళ్లు రాసిన శిక్షాస్మృతిలో, ఇలాంటి సంబంధాన్ని నేరంగా చూసే సెక్షన్ 377 అని ఒకటి ఉండేది. 2009లో ఢిల్లీ హైకోర్టు దాన్ని పక్కన పెడితే, 2013లో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. చివరికి 2018 సెప్టెంబరు 6న అయిదుగురు జడ్జీలు కూర్చుని, ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని ఏకగ్రీవంగా చెప్పారు. ఆ అయిదుగురిలో జస్టిస్ ఇందూ మల్హోత్రా రాసిన ఒక వాక్యం మీ కోసమే అనిపిస్తుంది. ఇన్నాళ్లూ పడిన అవమానానికి ఈ మనుషులకూ, వాళ్ల కుటుంబాలకూ చరిత్ర క్షమాపణ చెప్పాలి అన్నారు ఆవిడ. కుటుంబాలకు కూడా అని రాశారు చూడండి. వంటింట్లో నిలబడి ఆ మాట విన్న మీలాంటి అమ్మలు ఆవిడ లెక్కలో ఉన్నారు.

పెళ్లి మాత్రం చట్టం ఇంకా ఒప్పుకోవడం లేదు. ఒప్పుకోవాలని వేసిన కేసు 2023 అక్టోబరులో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. అది ఎవరి పేరు మీద నడిచిందో తెలుసా? హైదరాబాదులో ఉండే సుప్రియో చక్రవర్తి పేరు మీద. ఆయనా, అభయ్ డాంగ్ అనే ఆయనా 2021 డిసెంబరులో హైదరాబాదు శివార్లలో బంధుమిత్రుల మధ్య పెళ్లి వేడుక చేసుకున్నారు. మంగళస్నానాలూ, సంగీత్ అన్నీ పెట్టుకున్నారని అప్పుడు పేపర్లన్నీ రాశాయి. కేసు ఓడినా, ఇద్దరూ కలిసి జాయింట్ అకౌంట్ తెరవొచ్చని, ఒకర్నొకరు నామినీగా రాసుకోవచ్చని కేంద్రం 2024 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఇద్దరమ్మాయిల సంగతి వచ్చింది. మేజరైన అమ్మాయి తనకు నచ్చిన మనిషితో ఉండొచ్చని, తల్లిదండ్రులు అడ్డు రాకూడదని చెప్పి పంపింది. కాబట్టి మీ వాడికి పోలీసుల వల్ల వచ్చే ఇబ్బందేమీ లేదు. వచ్చేదంతా ఇళ్లలోంచే, మనలాంటి వాళ్ల నోళ్లలోంచే.

ఇప్పుడు మీరు చివర్లో అడిగినదానికి వస్తాను. నిజానికి మీ ఉత్తరమంతా దాని గురించే. నలుగురిలో ఎలా తలెత్తుకు తిరగాలి?

ఒక కాగితం తీసుకుని ఆ నలుగురి పేర్లు రాయండి. ఉత్తినే అనడం లేదు, నిజంగా రాయండి. ‘నలుగురు’ అని ఊరికే అనుకున్నప్పుడు ఊరంతా మన గుమ్మం ముందు నిలబడ్డట్టు ఉంటుంది. పేర్లు రాస్తే ఆరో ఏడో తేలతాయి. మీ తోడికోడలు. మీ వియ్యపురాలు. కుల సంఘం గ్రూపులో రోజూ పొద్దున్నే బయోడేటాలు పెట్టే పెద్దాయన. కొట్టు అరుగు మీద కూర్చుని పేపర్ చదివే ఇద్దరు ముగ్గురు. ఇప్పుడు ఒక్కొక్కరి గురించి ఆలోచించండి. వియ్యపురాలికి ఈ విషయం చెప్పాల్సిన అవసరమే లేదు. మీ అమ్మాయి కాపురానికీ దీనికీ సంబంధం లేదు. గ్రూపులో పెద్దాయన మీ ఇంట్లో కష్టమొస్తే వచ్చేవాడా? రాడనుకుంటే ఆయన పేరు కొట్టెయ్యండి. తోడికోడలు మాత్రం ఆ ఆరుగురిలో నిజంగా లెక్కలోకి వచ్చే మనిషి కావచ్చు. మీ వాడు పుట్టినప్పుడు నీళ్లు పోసింది ఆవిడేనేమో. అలాంటి ఒకరో ఇద్దరో మిగులుతారు. వాళ్లతో ఎలా మాట్లాడాలన్నదే అసలు ప్రశ్న. దానికి తొందర లేదు.

ఈ నలుగురి అభిప్రాయాలు రాతి మీద చెక్కినవి కావు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేసినప్పుడు ఊరు ఊరంతా ఎదురు తిరిగింది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు తెచ్చేవాళ్లు రాలేదు, వెలి వేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వండి పెట్టిందని చెప్పుకుంటారు. ఉపన్యాసాలిచ్చిన ఆయన పేరు పుస్తకాల్లోకి ఎక్కింది. బిందె మోసిన ఆవిడను నేను ఎక్కువ తలుచుకుంటాను. ఈ రోజు మీ ఊళ్లో భర్త పోయిన పాతికేళ్ల పిల్లకు మళ్లీ పెళ్లి చేస్తే, మహా అయితే వారం రోజులు గుసగుసలాడుకుంటారు. తర్వాత భోజనాలకు వస్తారు. ఆ మార్పు కోర్టులోంచి ఊళ్లోకి దిగిరాలేదు. ఒక్కో ఇంట్లో ఒక్కో మనిషి “మా పిల్ల” అని నిలబడితే వచ్చింది.

మీ వాడి విషయంలోనూ ఆ మార్పు మొదలైంది. మెల్లగానే, కానీ మొదలైంది. ఇలాంటివాళ్లూ, వాళ్లకు తోడు నిలిచేవాళ్లూ దాచుకోకుండా వీధిలో కలిసి నడిచే ప్రైడ్ యాత్ర హైదరాబాదులో 2013 ఫిబ్రవరిలో మొదటిసారి జరిగింది. 2023లో పెళ్లి కేసు నడుస్తున్నప్పుడు నాలుగు వందల మందికి పైగా తల్లిదండ్రులు సంతకాలు పెట్టి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. స్వీకార్ అనే తల్లిదండ్రుల బృందం వాళ్లు. మాలో కొందరం ఎనభైకి దగ్గరపడుతున్నాం, మేముండగానే మా పిల్లల పెళ్లికి చట్టం ముద్ర పడితే చూడాలని ఉంది అన్నది ఆ ఉత్తరం సారాంశం. వాళ్లూ ఒకరోజు మీలాగే కాళ్లూ చేతులూ ఆడక నిలబడ్డవాళ్లే. మీ వాడిని అడిగితే ఆ బృందంతో మాట్లాడే దారి చూపిస్తాడు. ఇలాంటి కొడుకును పెంచిన ఇంకో అమ్మతో పది నిమిషాలు మాట్లాడితే వచ్చే ధైర్యం నా జవాబుతో రాదు. నాకు వచ్చే ఉత్తరాల్లోనూ తేడా తెలుస్తోంది. ఇదివరకు “ఏ డాక్టరుకు చూపించాలి” అని అడిగేవాళ్లు. ఇప్పుడు కొందరు “వాళ్ల నాన్నకు ఎలా చెప్పాలి” అని అడుగుతున్నారు.

తేడా అంటే గుర్తొచ్చింది. మన సినిమాలు ఆ మాటను ఎంత పాడు చేశాయో చూడండి. నడక కాస్త సుకుమారంగా ఉంటే చాలు, “వాడు తేడా” అని హాలంతా నవ్వుతుంది. మీ ఇంట్లో టీవీ ముందు అలాంటి సీన్లు ఎన్నిసార్లు వచ్చి ఉంటాయి? మీరంతా నవ్వుతుంటే పక్కన కూర్చున్న మీ పదిహేనేళ్ల పిల్లాడు కూడా నవ్వి ఉంటాడు. నవ్వకపోతే దొరికిపోతానని. మనం వాడే ‘స్వలింగ సంపర్కం’ అన్న మాటా అంతే. మీరూ మీవారూ ముప్పై ఏళ్లుగా కాపురం చేస్తున్నారంటే దాన్ని ఎవరూ ‘సంపర్కం’ అనరు. పొద్దున్నే కాఫీ కలిపివ్వడం, జ్వరమొస్తే మాత్ర తేవడం, అప్పు తీర్చడం, అలగడం, అన్నీ కలిపితే కాపురం. మీ వాడూ అలాంటి తోడు గురించే మాట్లాడుతున్నాడు.

మీవారికి చెప్పడం గురించి. అది మీ రహస్యం కాదు, మీ అబ్బాయిది. వాడు సరేనన్నప్పుడు, వాడు ఎలా చెప్పమంటే అలా. పెళ్లిచూపులు ఎందుకు వద్దన్నావని ఈలోగా మీవారు నిలదీస్తే, జాతకం బాగాలేదనో అమ్మాయి రంగు తక్కువనో అనకండి. ఆ అబద్ధం ఆ పిల్లకు తగులుతుంది. “వాడికి ఇష్టం లేదు, బలవంతం చెయ్యడం నాకూ ఇష్టం లేదు” అనండి. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. చెప్పే రోజు వచ్చినప్పుడు పండగ రోజు పెట్టుకోకండి, ఫోన్లో వద్దు, కొట్టు కట్టేసి వచ్చిన అలసటలోనూ వద్దు. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక మేలు. ఆయన కేకలేస్తారు. కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. మొదటి రోజు అన్న మాటే ఆయన ఆఖరి మాట అనుకోకండి. చెయ్యి చేసుకుంటారేమోనన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా, అబ్బాయి బెంగళూరులో ఉండగానే చెప్పండి. మీకు గానీ వాడికి గానీ రాత్రుళ్లు నిద్ర పట్టకుండా మనసు మరీ బరువెక్కితే 14416కు ఫోన్ చెయ్యండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ లైన్ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

భోగి రోజు రాత్రి వాడికి మీరేం జవాబు చెప్పారో ఉత్తరంలో రాయలేదు. బహుశా ఏమీ చెప్పి ఉండరు. వాడు తిరిగి బెంగళూరు వెళ్లి, అమ్మ ఏమనుకుంటోందోనని ఇన్నాళ్లూ ఎదురుచూస్తూ ఉంటాడు. మీకు అంతా అర్థమయ్యేదాకా ఆగక్కర్లేదు. “నాకు ఇంకా అర్థం కాలేదు నాన్నా, కానీ నువ్వు చెప్పింది మంచి పనే” అంటే ఇవాళ్టికి సరిపోతుంది.

ఇక ఆ రూమ్‌మేట్. వాళ్లిద్దరి మధ్య ఏముందో మీ వాడు మీకు చెప్పలేదు, మీరు ఊహించుకున్నారు. అడగాలనిపిస్తే నెమ్మదిగా అడగండి, చెబితే వినండి. ఏదైనా సరే, గడప తొక్కనివ్వండి. పరాయి ఊళ్లో మీ వాడికి ఒంట్లో బాగాలేని రోజున పక్కనుండేది అతనే. మీవారికి తెలిసేదాకా పండక్కి వచ్చిన స్నేహితుడిలాగే రానివ్వండి, అందులో అబద్ధమేమీ లేదు. నువ్వులు ఎక్కువున్న అరిసెలు ఏరుకుని తిన్నాడని రాశారు. కోపంతో రాసినా, ఆ పిల్లాడికి ఏది ఇష్టమో మీరు గమనించారు. ఈసారి బెంగళూరుకు డబ్బా పంపేటప్పుడు అవి నాలుగు ఎక్కువ వెయ్యండి.